అంబాజీపేటలో వదలని పెట్టె

మొదటిసారి రైలెక్కడానికి వెళ్ళినప్పుడు నేను రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద నిలబడి, దూరంగా ఇంజను కనబడగానే చెయ్యెత్తాను. మా కోనసీమలో రైలు లేదు. మాకు తెలిసిందల్లా బస్సు. చెయ్యెత్తకపోతే బస్సు ఆగదు, ఎత్తినా ఒక్కోసారి ఆగదు. రైలు మాత్రం ఆగింది. అంత పెద్ద బండి నన్ను చూసి ఆగిందన్న గర్వంతోనే ఎక్కాను. ఆ గర్వం చాలా ఏళ్ళు చెక్కుచెదరలేదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడికి ఇలాంటి నమ్మకాలు ఎక్కువకాలం నిలవ ఉంటాయి. దిద్దడానికి మాస్టర్లు ఉండరు కదా.

బడి మానేశాక నేను నేర్చుకున్న విద్య రేడియోలు విప్పడం. బిగించడం తరవాత నేర్చుకున్నాను. అమలాపురంలో ఒక రిపేరు కొట్టు పెట్టాను. తొంభైల్లో నా కొట్టును పోషించింది గల్ఫ్ టేప్ రికార్డర్లే. అక్కడ పనిచేసేవాళ్ళు ఉత్తరం రాయడానికి బద్ధకించి క్యాసెట్‌లో మాట్లాడి, సెలవుకి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. ఇంటివాళ్ళు అదే క్యాసెట్‌ను అరిగేదాకా వినేవారు. అరిగాక టేప్ రికార్డరు దాన్ని నమిలేది. అప్పుడు నా దగ్గరకు వచ్చేవారు.

అలా తరచుగా వచ్చేవాళ్ళలో మా వెనకవీధి వదినగారు ఒకరు. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళు చర్చికి వెళ్తారు, మేము గుడికి వెళ్తాం. కానీ మా దగ్గర వరస కలపకుండా మనిషిని పిలవడం మర్యాద కాదు కాబట్టి ఆవిడ నాకు వదినగారు, మస్కట్‌లో స్టోర్ కీపరుగా ఉన్న వాళ్ళాయన అన్నయ్యగారు. ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుట్టేవారు. సూది కన్నా మాట చురుకు.

"టేపు నమిలేసిందండి. ఆయన మాట్లాడతా మాట్లాడతా సగంలో ఆగిపోయేరు" అంటూ క్యాసెట్ నా బల్లమీద పెట్టేవారు.

"ఇంట్లో ఉన్నప్పుడు మీరు ఆపేవారు కదండీ, ఇప్పుడా పని టేప్ రికార్డరు చేస్తోంది."

"అతికించండి. కానీ వినొద్దండి."

"వినకుండా బాగైందని ఎలా చెప్పనండి?"

"సగం వినండి. మీకు ఏదైనా సగం సగం చెయ్యడం అలవాటే గదా."

వినక తప్పేది కాదు. రహస్యాలేమీ ఉండేవి కావు. పెంకులు సర్దించారా, మునగచెట్టు కాపు పట్టిందా, ఏం కూర వండుకున్నారు, ఇవే. చివర్లో మాత్రం ప్రతి క్యాసెట్‌లోనూ ఒకే మాట: "వచ్చే క్రిస్మస్‌కి వచ్చేస్తాను. మళ్ళీ వెళ్ళను." ఆ ముక్క దగ్గరే టేపు ఎక్కువగా అరిగి ఉండేది. నేను అక్కడ అతుకు పడకుండా జాగ్రత్తపడేవాణ్ణి. ఆవిడతో మాత్రం చెప్పలేదు. చెబితే విన్నానని తెలిసిపోతుంది.

రెండువేల సంవత్సరం దాటాక ఆయన నిజంగానే వచ్చేశారు. రెండు కంప్యూటర్లు కొని, మేడమీద గది అద్దెకు తీసుకుని, శిక్షణ కేంద్రం అని బోర్డు పెట్టారు. ఆ రోజుల్లో పిల్లలకు కంప్యూటర్ నేర్పించాలని ప్రతి తండ్రికీ ఉండేది. అదేమిటో మాత్రం ఎవరికీ తెలియదు. వచ్చేవారు, తెరను చూసేవారు, "ఇందులో సినిమా వస్తాదా అండీ?" అని అడిగేవారు, "ఆలోచించి చెబుతామండి" అని మెట్లు దిగేవారు. ఆలోచన మాత్రం తెగేది కాదు. కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఇంతలో మస్కట్ నుంచి ఫోన్ వచ్చింది. పాత కంపెనీ మళ్ళీ వీసా ఇస్తానంది. కొత్త సంవత్సరం లోపల వస్తారో రారో చెప్పమంది.

"ఉండమని మీరు గట్టిగా చెప్పొచ్చు గదండీ" అన్నాను వదినగారితో.

"ఆయనకి తినడానికి అన్నం పెట్టగలను గానీ, చెయ్యడానికి పని పెట్టలేను గదండీ. ఆ కుర్చీలు నిండితే ఉంటారు. లేకపోతే సూట్‌కేసు నేనే సర్ది ఇస్తాను" అన్నారు. మాట మామూలుగానే అన్నారు. కానీ చేతిలోని జాకెట్టుకి కుట్టిన హుక్కునే మళ్ళీ కుట్టారు.

అప్పుడే నాకు ఆ అట్టపెట్టె గుర్తొచ్చింది. మస్కట్‌లో ఒక దొర తన దేశం వెళ్ళిపోతూ అన్నయ్యగారికి ఒక రైలు ఇచ్చి వెళ్ళాడు. బొమ్మే గానీ ఆటబొమ్మ కాదు. ఇంజను అరచేతిలో పడుతుంది, లోపల అసలు మోటారు ఉంటుంది, పట్టాల్లో కరెంటు పారితే పరిగెడుతుంది. అది ఆ అట్టపెట్టెలోనే మంచం కింద ఉంది.

"అన్నయ్యగారూ, ఆ రైలును కంప్యూటర్ చేత నడిపించండి. క్రిస్మస్ నాడు చర్చి ఆవరణలో యేసు పుట్టిన పశువులపాక అలంకరణ చూడటానికి ఊరంతా వస్తుంది గదా. దాని పక్కనే పెడదాం. కంప్యూటర్ ఏం చేస్తుందని అడిగినోళ్ళకి ఇక నోటితో చెప్పక్కర్లేదు."

"అవుతుందంటావా తమ్ముడూ?"

"అవుతుందండీ" అన్నాను. ఎలాగో అప్పటికి నాకు తెలియదు. ముందు అవుతుందనేసి, తరవాత అయ్యేలా చెయ్యడమే నా కొట్టు నడిచిన పద్ధతి.

పని పంచుకున్నాం. ప్రోగ్రాం ఆయనది, తీగలు నావి. కంప్యూటర్ వెనక ప్రింటరు తగిలించే చోటు నుంచి తీగలు బయటకు లాగాను. అందులోంచి వచ్చే కరెంటు చీమ కుట్టినంత. రైలు మోటారుకి అది చాలదు. అందుకని మధ్యలో రిలేలు పెట్టాలి. చిన్న కరెంటు తగిలితే రిలే లోపలి ఇనుప నాలుక టక్కున కదిలి పెద్ద కరెంటుకు దారి ఇస్తుంది. నేను మెల్లిగా చెప్పిన మాటను మా ఆవిడ వీధంతా వినబడేలా చెప్పినట్టన్నమాట.

ఇంజను ఎక్కడుందో కంప్యూటర్‌కి తెలియడానికి ఇంజను కింద చిన్న అయస్కాంతం అతికించి, పట్టాల మధ్య గాజుగొట్టం స్విచ్చులు పెట్టాను. ఇంజను తన మీదుగా పోగానే స్విచ్చు మూసుకుంటుంది, కంప్యూటర్‌కి కబురు అందుతుంది.

మొదటిరోజు రిలే టక్కుమనగానే కంప్యూటర్ ఆగిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. "నీ తీగలు" అన్నారాయన. "మీ ప్రోగ్రాం" అన్నాను నేను. కాసేపు గౌరవంగానే పోట్లాడుకున్నాం. తీరా చూస్తే నేరం రిలే లోపలి తీగచుట్టది. కరెంటు ఆపినప్పుడు ఆ చుట్ట, కోపంగా వెళ్ళిపోయే చుట్టం తలుపు తన్నినట్టు, వెనక్కి ఒక తన్ను తంతుంది. పాత టీవీల్లో చూసిన రోగమే. అడ్డంగా, కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే డయోడ్ ఒకటి వేశాను. తన్ను ఆగింది. ఆ రోజు ఆయన నన్ను "ఇంజనీరుగారూ" అని పిలిచారు. నేను కాదనలేదు.

ప్లైవుడ్ చెక్కమీద పట్టాలు పరిచాం. ఒక పక్క గోదావరి పాయ, దానిమీద వంతెన వేశాం. స్టేషన్ల పేర్లు రావులపాలెం, అంబాజీపేట, అమలాపురం. ప్రభుత్వం ఎప్పటికి వేస్తుందో గానీ మేము చెక్కమీద వేసేశాం. అంబాజీపేటలో ఒక పక్కపట్టా పెట్టి, అక్కడ గూడ్సు పెట్టెలో కొబ్బరికాయలు నింపాలనుకున్నాం. అంత చిన్న కొబ్బరికాయలు ఎక్కడ దొరుకుతాయని నేను బుర్ర గోక్కుంటుంటే వదినగారు వంటింట్లోంచి గుప్పెడు ధనియాలు తెచ్చి పోశారు. దగ్గరగా చూస్తే అచ్చం ఎండుకాయలే.

అసలు చిక్కు పెట్టెల మధ్య ఉండే కొక్కేల దగ్గర వచ్చింది. వాటిని అన్నయ్యగారు కప్లర్లు అనేవారు. పాతవి నెడితే తగులుకుంటాయి గానీ, విడదీయాలంటే వేలితో ఎత్తాలి. మా ఆలోచనేమో రైలు అంబాజీపేటలో ఒక పెట్టెను వదిలేసి తనంతట తాను సాగిపోవాలని.

"వేలితో విడదీస్తే ఇక కంప్యూటర్ ఎందుకండీ? వేలే చాలు" అన్నాను.

కొత్తరకం కప్లర్లు ఉంటాయట. రెండు చేతులు వేళ్ళు వంచి ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు ఉంటాయి. ఒక్కోదాని కింద సన్నటి ఉక్కు మీసం వేలాడుతుంది. పట్టాల మధ్య అయస్కాంతం ఉన్నచోట రైలు ఆగి, కొంచెం వెనక్కి జరిగి పట్టు సడలిస్తే, మీసాలు చెరో పక్కకీ లాగబడి చేతులు విడిపోతాయి. మస్కట్ నుంచి సెలవుకి వచ్చే స్నేహితుడి చేత ఆయన ఒక ప్యాకెట్ తెప్పించారు. అయస్కాంతాలు నా కొట్లో పాడైన స్పీకర్లు ఇచ్చాయి.

ఆ కప్లర్లలో స్ప్రింగులు ఉన్నాయే, ఆవగింజలు వాటి ముందు గుమ్మడికాయలు. మొదటిది బిగించబోతూ నేను తుమ్మాను. స్ప్రింగు కోనసీమలో కలిసిపోయింది.

"మీరు కాస్త వీధిలో కూర్చుని తుమ్ముకోండి" అని వదినగారు నన్ను లేపి, ఒళ్ళో తెల్లగుడ్డ పరుచుకుని కూర్చున్నారు. కింద పడ్డదేదైనా ఆ గుడ్డమీద కనబడుతుంది. సూదిమొనతో స్ప్రింగును ఎత్తి, హుక్కు కుట్టినంత తేలిగ్గా పెట్టేశారు. మీసాలు పట్టాకి తగలకుండా, అయస్కాంతానికి అందకుండా పోకుండా వంచింది కూడా ఆవిడే. ఆ పెట్టెలు ఆవిడ చేతిలో తిరుగుతుంటే అన్నయ్యగారు పనేమీ లేకపోయినా అక్కడే కూర్చున్నారు. కొట్లో నాకు పనుంది, అయినా నేనూ కూర్చున్నాను.

క్రిస్మస్ ముందురోజు మిట్టమధ్యాహ్నం అంతా సరిచూశాం. ఒక కప్లరు మాత్రం కాస్త బిగుతుగా విడిపోతోంది. నేను చీపురుపుల్ల ముంచి దానికో చుక్క కొబ్బరినూనె రాశాను. పనిలో పనిగా అన్నిటికీ రాసేశాను. మా దగ్గర కొబ్బరినూనె రాయనిదేదీ లేదు. తల, తాళం, తలుపు బందు, పిల్లాడి దద్దురు, అన్నిటికీ అదే మందు. రైలు వెన్నమీద జారినట్టు నడిచింది. పెట్టె వదలమన్నచోట వదిలింది. "ఆయ్, ఇంక తిరుగులేదు" అన్నారు అన్నయ్యగారు.

క్రిస్మస్ ఉదయం మంచు పట్టింది. నేను నిద్రలేచి, మంచు కాస్త విడగానే నూనెసీసాను గోడమీద ఎండలో పెట్టి, కరిగాక తలకు రాసుకుని, పాపిడి తీసుకుని, చక్కగా చర్చికి వెళ్ళాను. ఇక్కడ కోనసీమవాళ్ళు నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. మాకు ఆ చలిలో సీసాలో నూనె పేరుకుంటుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. సీసాలో పేరుకుంటుందని తెలుసు. రైలుకి కూడా పేరుకుంటుందని తట్టలేదు.

ఆరాధన అయిపోయి జనం ఆవరణలోకి వచ్చారు. కొబ్బరిచెట్ల నీడలో ఇంకా ఎండ దిగలేదు. చెక్క చుట్టూ మూగారు. ముందువరసలో అంబాజీపేటలో కొబ్బరివ్యాపారం చేసే పెద్దాయన ఒకరు, తెల్లపంచె, భుజాన తువ్వాలు. తన ఊరి పేరు బోర్డుమీద చూసి మురిసిపోయారు. "మా ఊరికి రైలొచ్చేసిందిరా" అని వెనకవాళ్ళకు కేకేశారు.

అన్నయ్యగారు ఒక మీట నొక్కారు. రైలు రావులపాలెంలో బయలుదేరింది. వంతెన దాటింది. జనం "ఓ" అన్నారు. అంబాజీపేట చేరింది, ఆగింది, కొంచెం వెనక్కి జరిగింది, ముందుకు కదిలింది. ధనియాల పెట్టె కూడా దాంతోపాటే కదిలింది.

కంప్యూటర్‌కి చేతులున్నాయి గానీ కళ్ళు లేవు. పెట్టె దిగిపోయిందనే అనుకుని రైలును అమలాపురం తీసుకెళ్ళింది. తిప్పి తెచ్చింది. మళ్ళీ అదే వరస.

"మా ఊరి సరుకు మా ఊళ్ళో దింపరేంటండీ?" అన్నారు పెద్దాయన.

"దింపుతుందండి" అన్నారు అన్నయ్యగారు. దింపలేదు. ఆయన మెడమీద, ఆ చలిలో, చెమట పట్టింది. వెనకవరస పలచబడటం మొదలైంది. మేడెక్కి వచ్చి ఆలోచించి చెబుతామన్న తండ్రులే ముందుగా కదిలారు. ఆయన నా చెవి దగ్గరికి వంగి, "ఇంక సర్దేద్దాం తమ్ముడూ. రేపు మస్కట్‌కి ఫోన్ చేసేస్తాను" అన్నారు.

పాస్టరుగారి మైకు పక్కనే ఉంది, ఇంకా మోగుతూనే ఉంది. అందుకున్నాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి! రావులపాలెం నుంచి అంబాజీపేట మీదుగా అమలాపురం వెళ్ళవలసిన గూడ్సుబండి పొగమంచు కారణంగా ఆలస్యంగా నడుచుచున్నది. అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఇన్నేళ్ళు ఆగేరు, ఇంకో పది నిమిషాలు ఆగలేరా అండీ?"

జనం గొల్లుమన్నారు. వెళ్ళేవాళ్ళు ఆగారు. పాస్టరుగారు కూడా నవ్వు దాచుకుని, "క్యాంటీన్‌లో టీ సిద్ధంగా ఉందని కూడా చెప్పండి" అన్నారు. చెప్పాను. పండగ రోజు అందరికీ పంచే టీ అది. గ్లాసులు చేతులు మారాయి.

వదినగారు జనాన్ని తోసుకుంటూ వచ్చి ధనియాల పెట్టెను ఎత్తారు. గోటితో కప్లరు గీకారు. తెల్లగా పొడి రాలింది. వాసన చూశారు.

"కొబ్బరినూనె. పేరుకుపోయింది. ఎవరండీ రాసింది?"

"కారణాలు తరవాత విచారిద్దామండి, ముందు ప్రయాణికుల సంగతి చూద్దాం" అన్నాను.

ఆవిడ నా తల వంక, నిగనిగలాడే పాపిడి వంక ఒక్క చూపు చూశారు. మిగిలిన పెట్టెలు కూడా కొంగులో వేసుకుని వెళ్ళి, టీ డ్రమ్ము మూత బోర్లించి దానిమీద వరసగా నిలబెట్టారు. మూత వేడికి నూనె కరగాలి. అంతదాకా జనాన్ని ఆపాలి.

ఈసారి ఆపింది నేను కాదు. ఖాళీగా నిలబడలేక అన్నయ్యగారు కంప్యూటర్ తెరను జనం వైపు తిప్పి, లోపలి ప్రోగ్రాం తీశారు.

"ఇదిగోనండి, ఇక్కడ ఆగమన్నాను. ఇక్కడ వెనక్కి జరగమన్నాను. ఒక్కసారి జరిగితే సరిపోలేదు గదా? ఇప్పుడు ఇంకోసారి జరగమని రాస్తున్నాను. కాసేపు నిలబడమని కూడా." టకటకా కొట్టారు.

పెద్దాయన టీ గ్లాసుతో ముందుకు వంగారు. "అంటే మీరు ఏం రాస్తే అది చేస్తాదా?"

"ఆయ్. చేస్తుందండి."

"సొంతంగా ఏం చెయ్యదా?"

"చెయ్యదండి. తప్పు రాసినా అదే చేస్తుంది."

"మా గుమస్తా కన్నా నయమండీ. వాడికి ఒప్పు చెప్పినా చెయ్యడు. ఏదీ, అమలాపురం వెళ్ళొద్దని రాయండి చూద్దాం."

రాశారు. ఉత్త ఇంజను అంబాజీపేట దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "వంతెనమీద ఆగమనండి" అన్నారు మరొకరు. ఆగింది. అప్పటిదాకా సినిమా వస్తుందా అని అడిగిన తండ్రులు ఒక్కొక్కరే తెర దగ్గరకు జరిగారు. ఎవరికి ఏం కావాలో అడుగుతున్నారు, ఆయన రాస్తున్నారు, రైలు వింటోంది. చెమట ఆరిపోయింది. మస్కట్‌లో స్టోరు నడిపిన మనిషిని నేను ఆ రోజు చూశాను.

వదినగారు వెచ్చటి పెట్టెలు తెచ్చి పట్టాలమీద పెట్టారు. రైలు కదిలింది. అంబాజీపేటలో ఆగింది. వెనక్కి జరిగింది, ఆగి, మళ్ళీ జరిగింది. ఇంజను ముందుకు కదిలింది. ధనియాల పెట్టె పక్కపట్టామీద అలాగే నిలబడిపోయింది. ఇంజను మిగిలిన పెట్టెలతో అమలాపురం వెళ్ళిపోయింది.

చప్పట్లకు పాకలోని బొమ్మలు కదిలాయి. "మా కొబ్బరే మా బండిని ఆపేసిందన్నమాట" అని పెద్దాయన పడీపడీ నవ్వి, అన్నయ్యగారి భుజం తట్టారు. "మా మనవరాల్ని పంపుతానండి. మూసిపెట్టిన మాయేదో నేర్పుతారనుకున్నాను. మీరు అందరి ముందూ విప్పి, తప్పెక్కడుందో చూపించి మరీ బాగుచేసేరు. అది నేర్పండి దానికి." ఆయన అన్నాక మిగిలినవాళ్ళు ఆలోచించడం మానేశారు. నూనె మళ్ళీ పేరుకోకుండా అంబాజీపేట స్టేషన్‌మీద పెద్ద బల్బు ఒకటి వేలాడదీసి, ఎండెక్కేదాకా రైలు నడిపాం. తరవాత కిరసనాయిలుతో కప్లర్లన్నీ కడిగి, వదినగారి కుట్టుమిషను నూనె వేశాం.

కొత్త సంవత్సరానికి మేడమీద గదిలో కుర్చీలు చాలక కిందనుంచి బల్లలు మోశాం. అన్నయ్యగారు మస్కట్‌కి ఫోన్ చేసి రానని చెప్పేశారు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు దానిమీద చెయ్యి అలాగే ఉంచుకున్నారు. వదినగారు లోపల కుట్టుమిషను ఆపలేదు గానీ, సూది కింద గుడ్డ లేదు.

ఆ వారంలోనే నేను వాళ్ళింటికి వెళ్ళాను. నాకు రావలసిన మెప్పు ఇంకా పూర్తిగా అందలేదనిపించింది.

"ఏవండీ వదినగారూ, అందరూ రైలునీ కంప్యూటర్‌నీ పొగుడుతున్నారు. ఆ నూనె పేరుకోకపోతే జనం ఆగేవారా? ఆయన తెర తిప్పేవారా? లెక్కకి అన్నయ్యగారిని ఊళ్ళో ఉంచింది నేనూ, నా కొబ్బరినూనే గదండీ?"

ఆవిడ దారం కొరికి, తలెత్తి చూశారు.

"మరేనండి. ఆయన ఉండిపోయేరు. ఆ వీసా మాత్రం ఇంకా ఖాళీగానే ఉందంట. మీరెళ్ళిరండి. ఆ ఎండల్లో నూనె పేరుకోదు."